పాత తుపాకీ దగ్గర ఉంచుకోవచ్చన్నారు, తెచ్చుకునే దారి కూడా చెప్పండి

కేంద్ర ప్రభుత్వంలో ఆయుధాల చట్టం, కస్టమ్స్, పురావస్తువుల వ్యవహారాలు చూసే పెద్దలకు,

నమస్కారం.

నాది నిజామాబాద్ జిల్లా. డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పి రిటైరయ్యాను. ఈ ఉత్తరం ఒక పాత తుపాకీ గురించి. అది నాది. డబ్బు కట్టి కొన్నాను, రసీదు ఉంది. ఏడాది దాటిపోయినా అది ఇంకా నా ఇంటికి చేరలేదు. ఒక ఎయిర్ కార్గో గోదాములో చెక్కపెట్టెలో పడి ఉంది. ఏ ఊరి గోదామో, ఏ ఆఫీసో రాయను. అక్కడివాళ్లు నాతో మర్యాదగానే మాట్లాడారు. ఇలాంటి వస్తువు వస్తే ఏం చేయాలో చెప్పే కాగితం వాళ్ల దగ్గర లేదు, చిక్కంతా అక్కడే ఉంది. ఆ కాగితం రాయగలిగినవాళ్లు మీరు. అందుకే మీకు, నలుగురికీ తెలిసేలా రాస్తున్నాను.

కొన్నది ఎలాగో ముందు చెబుతాను. ఇంగ్లండ్‌లో ఒక చిన్న పట్నంలోని వేలం సంస్థ ఏటా రెండు మూడుసార్లు పాత ఆయుధాలను అమ్మకానికి పెడుతుంది. కేటలాగు నెట్‌లో ఉంటుంది. ఇక్కడ కూర్చుని ఫోన్లోనే పాట పాడవచ్చు. వందల లాట్ల (అమ్మకానికి పెట్టిన వస్తువుల) మధ్య ఒకటి కనిపించింది: వత్తితో పేలే తుపాకీ, దక్కన్, 18వ శతాబ్దం. ఉర్దూలో తోడాదార్ అంటారు. ఆ రోజు మధ్యాహ్నం నుంచి ఫోను పట్టుకుని కూర్చుంటే నా లాట్ వచ్చేసరికి సాయంత్రం ఆరు దాటింది. ఎదురు పాడుతున్న మనిషి ఎవరో, ఏ దేశంలో ఉన్నాడో తెలియదు. టెన్షన్‌తో చెయ్యి వణికి ఒకసారి తప్పు బటన్ కూడా నొక్కబోయాను. 950 పౌండ్ల దగ్గర అతను ఆగిపోయాడు. దాని మీద వేలం సంస్థ కమిషన్ నాలుగో వంతు, ఆ కమిషన్ మీద పన్ను, నెట్‌లో పాడినందుకు ఇంకో ఐదు శాతం. మామూలు కొరియర్ ఏదీ తుపాకీ అనేసరికి ముట్టుకోనంది. ఇలాంటివి మాత్రమే పంపే ఒక కంపెనీని వెతికి పట్టుకోవాల్సి వచ్చింది. అన్నీ కలిపి దాదాపు 1,700 పౌండ్లు అయ్యాయి. రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బులోంచి తీశాను.

ఫొటోలు చూసి అంతగా ఎందుకు మనసు పడ్డానంటే, ఆ గొట్టం మీద నీటి అలల్లాంటి గీతలు ఉన్నాయి. వూట్జ్ అని పేరుపడిన మన దక్షిణాది పాత ఉక్కును చూసినవాళ్లకు ఆ గీతలు తెలుసు. వూట్జ్ అన్న పేరు మన 'ఉక్కు' అన్న మాటలోంచి వచ్చిందేనని చాలామంది పండితులు చెబుతారు. మా జిల్లాలోని కోనసముద్రంలో ఆ ఉక్కు తీసేవారు. దాని కోసం పర్షియా వర్తకులు వచ్చి కొలుముల పక్కనే మకాం వేసేవారు. వోయిసీ అనే ఆంగ్లేయుడు కళ్లారా చూసి రాసిన వివరం 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. పిల్లలకు ఆ పాఠం చెప్పిన ప్రతిసారీ వాళ్లు అడిగేది ఒకటే: "సార్, ఆ ఉక్కుతో చేసిన వస్తువు ఒక్కటైనా చూపిస్తారా?" చూపించడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. ఈ గొట్టంలో ఉన్నది కోనసముద్రం ఉక్కే అని నేను పందెం కట్టను. లోహశాస్త్రం తెలిసినవాళ్లు పరీక్షిస్తే కొంతైనా తేలుతుంది. పరీక్ష చేయించాలంటే ముందు అది గోదాము దాటి రావాలి.

హైదరాబాద్‌లో అబిడ్స్ పక్కన గన్‌ఫౌండ్రీ స్టాప్‌లో రోజూ ఎన్ని వేలమంది బస్సు దిగుతారు! అక్కడ 1786లో నిజాం కోసం ఫ్రెంచి సేనాని రేమండ్ ఫిరంగుల కర్మాగారం పెట్టించాడు. తోప్ కా సాంచా అనేవారు. మన జనం నోట్లో మూసా రాముడైన రేమండ్ ఇతనే, మూసారాంబాగ్‌కు ఆ పేరు ఇతని వల్లే వచ్చింది. ఆ ఫ్యాక్టరీ గోడలైతే కాసిని మిగిలాయి. దక్కన్‌లో తయారైన చేతి తుపాకుల్లో మంచివి ఎన్నో మాత్రం లండన్ వేలం కేటలాగుల్లోనే కనిపిస్తున్నాయి.

అవి అక్కడికి ఎలా వెళ్లాయో మీకు నేను చెప్పాలా? 1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయాక టిప్పు ఖజానాను, ఆయుధశాలను పంచుకున్నారు. ఆ యుద్ధంలో ఇంగ్లీషువాళ్ల పక్కన నిజాం సైన్యం కూడా ఉంది, ఆ మాట దాచుకోను. 1857 తర్వాత ఊళ్లకు ఊళ్ల దగ్గర ఆయుధాలు లాక్కున్నారు. 1878లో లిట్టన్ ఆయుధాల చట్టం తెచ్చాడు. లాక్కున్నవాటిలో బాగున్నవి దొరల గోడల మీదికి ఎక్కాయి, బాగాలేనివి కరిగిపోయాయి. ఇప్పుడు ఆ దొరల మునిమనవలు ఇళ్లు ఖాళీ చేస్తూ అటక మీద సామాను వేలానికి పంపుతున్నారు. 2019లో ఇంగ్లండ్‌లోని బెర్క్‌షైర్‌లో ఒక ఇంటి అటక మీద టిప్పు కాలపు తుపాకీ, కత్తులు బయటపడి వేలానికి వచ్చిన వార్త మీరూ చదివే ఉంటారు. 2015లో లండన్‌లో టిప్పుకు సంబంధించిన 30 లాట్ల ఆయుధాలు, వస్తువులు అరవై లక్షల పౌండ్లు దాటి పలికాయి. 2023లో ఆయన పడకగది ఖడ్గం ఒక్కటే కోటీ నలభై లక్షల పౌండ్లు పలికింది. అవి కోటీశ్వరుల పాటలు. నా లాంటివాడికి అందేవి సంతకం లేని, పేరు తెలియని కమ్మరి చేసిన మామూలు తుపాకులు. ఒక మామూలు సిపాయి భుజాన మోసిన వస్తువులు. నాకు అవే కావాలి కూడా.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కేటలాగులో నా లాట్ కింద ఒక వాక్యం ఉంది: పురాతన వస్తువు, లైసెన్స్ అవసరం లేదు. అది నిజమే. కాకపోతే బ్రిటన్ వరకే నిజం. అక్కడ 1968 నాటి చట్టంలో 58వ సెక్షన్ ఉంది. పురాతన తుపాకీని వింత వస్తువుగానో అలంకారంగానో ఉంచుకుంటే లైసెన్స్ గొడవ లేదు. ఏది పురాతనమో తేల్చడానికి 2021లో నిబంధనలు కూడా పెట్టారు: 1939 సెప్టెంబర్ 1 కంటే ముందు తయారై ఉండాలి, అది పేలే పద్ధతి గాని, దానికి పట్టే తూటా గాని పాతబడిపోయినవాటి జాబితాలో ఉండాలి. అమెరికాలో ఫెడరల్ చట్టం 1898ని గీతగా పెట్టింది. ఆ ఏడాదిదాకా తయారైన వత్తి తుపాకీ, చెకుముకి తుపాకీ అక్కడ ఆ చట్టం లెక్కలో తుపాకీయే కాదు. అంతదాకా ఎందుకు, హెచ్1బీ వీసా మీద ఉన్న మన పిల్లలు అక్కడ మామూలు తుపాకీ దగ్గర పెట్టుకోవడం, వేట లైసెన్స్ వంటి కొద్ది మినహాయింపులు తప్పిస్తే, నేరం. ఇలాంటి పాత ముక్కకు మాత్రం ఆ నిషేధం వర్తించదు. కొనేవాడికి ఏది తప్పో ఏది ఒప్పో ముందే తెలుస్తుంది.

మన దగ్గరా చట్టంలో మంచి మాటలు లేకపోలేదు. 1959 ఆయుధాల చట్టం 45(సి) సెక్షన్ ప్రకారం, పాతబడిన నమూనా ఆయుధం గాని, పురావస్తువుగా విలువ ఉన్నది గాని, పాడైపోయినది గాని, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరానిదైతే దానికి ఈ చట్టమే వర్తించదు. 2020 ఫిబ్రవరిలో హోం శాఖ ఇంకో అడుగు వేసింది. క్యూరియో (సేకరించి దాచుకునే వింత వస్తువు) కోవలోకి వచ్చే చిన్న ఆయుధాలను సంపాదించడానికి, దగ్గర ఉంచుకోవడానికి భారతీయులకు లైసెన్స్ అక్కర్లేదని స్పష్టం చేసింది. వాడాలన్నా, మోసుకెళ్లాలన్నా, రవాణా చేయాలన్నా మాత్రం లైసెన్స్ కావాలంది. ఆ వార్త చదివిన రోజు నేను ఎంత సంతోషించానో! ఆ సంతోషంలోనే ఈ పాట పాడాను. గోదాము కౌంటర్ దగ్గర నిలబడ్డాక అర్థమైంది. సంపాదించవచ్చు, ఉంచుకోవచ్చు. మరి ఇంగ్లండ్ నుంచి ఇక్కడికి రవాణా కాకుండా నా దగ్గరికి ఎలా వస్తుంది? పదో సెక్షన్ ప్రకారం విదేశం నుంచి ఆయుధం తెస్తే లైసెన్స్ కావాలి. ఇది అసలు ఆయుధమా కాదా అన్నది 45(సి) చెప్పాలి. 45(సి) కిందికి వస్తుందో రాదో చూసి సంతకం పెట్టేది ఎవరు? ఆ పేరు మాత్రం ఎక్కడా లేదు. నేను కలెక్టరేట్‌కు వెళ్తే కస్టమ్స్‌ను అడగమన్నారు. కస్టమ్స్‌కు వెళ్తే పోలీసుల దగ్గర నుంచి కాగితం తెమ్మన్నారు. పోలీసులు, వస్తువు చూడకుండా ఏం రాసిస్తామన్నారు. వస్తువు చూడాలంటే కస్టమ్స్ అనుమతి కావాలి.

కస్టమ్స్ సుంకాలు రాసి ఉండే టారిఫ్ పుస్తకంలోనూ ఇదే కథ. ఆయుధాలది 93వ అధ్యాయం. నాటు తుపాకీలా గొట్టం మూతిలోంచి మందు దట్టించేవాటికి అందులో ప్రత్యేకంగా ఒక పద్దు ఉంది. నా పెట్టె మీద ఆ నంబరే వేశారు, షోకాజ్ నోటీసు కూడా దాని మీదే వచ్చింది. కానీ అదే అధ్యాయం మొదట్లో ఉన్న నోట్ చదవండి. సేకరణ వస్తువులు, పురాతన వస్తువులు ఈ అధ్యాయంలోకి రావని, అవి 97వ అధ్యాయంలోని 9705, 9706 పద్దుల్లోకి వెళ్తాయని రాసి ఉంది. వందేళ్లు దాటిన పురాతన వస్తువులకు 9706. ఆ పేజీ జిరాక్స్ తీసి అధికారి ముందు పెట్టాను. ఆయన నిజాయితీగా చదివి, "మీరు చెప్పేది కరెక్టే కావచ్చు సార్, కానీ ఇది రెండొందల ఏళ్ల నాటిదని నేనెలా సంతకం పెట్టను? రేపు ఎవడైనా దీంతో కాలిస్తే?" అన్నారు.

ఆయన భయాన్ని నేను కొట్టిపారేయను. మన ఏజెన్సీ ఊళ్లలో, నల్లమల అంచున నాటు తుపాకులతో ఈనాటికీ వేటాడుతున్నారు. వాటితో మనుషుల ప్రాణాలూ పోతున్నాయి. అవీ మూతిలోంచి మందు కూరేవే. పేలే పద్ధతి పాతది కాబట్టి ప్రమాదం లేదని ఎవరైనా అంటే నేనే ఒప్పుకోను. పైగా నిరుడు చేసిన దాన్ని మట్టిలో పాతి, తుప్పు పట్టించి పాతదని అమ్మేవాళ్లూ ఉన్నారు. అందుకే వత్తి తుపాకీ అన్న పేరున్న ప్రతిదాన్నీ వదిలేయమని నేను అడగడం లేదు. ఈ కాలపు తుపాకులకు తలుపు తెరవమనీ అడగడం లేదు. అవి రాకుండా కట్టడి చేసిన ప్రభుత్వాన్ని నేను సమర్థిస్తాను. చూసి చెప్పగల మనిషిని ఆ కౌంటర్ వెనక కూర్చోబెట్టమంటున్నాను, అంతే. నకిలీ ఏదో, అసలు ఏదో తెలిసిన కళ్లు మన దేశంలో లేవా? సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది ఉంది, దాన్ని కాపాడే నిపుణులు ఉన్నారు. మన రాష్ట్రంలో ఫోరెన్సిక్ ల్యాబ్ ఉంది, అందులో తుపాకులను పరీక్షించే బాలిస్టిక్స్ విభాగం ఉంది. ఈ ఇద్దరూ ఒక పూట ఒక బల్ల దగ్గర కూర్చుంటే నా పెట్టె సంగతి తేలిపోతుంది.

నాకు ఇంకో సలహా కూడా వచ్చింది. గొట్టానికి అడ్డంగా రంధ్రం వేసి, లోపల ఇనుప కడ్డీ వెల్డింగ్ చేయిస్తే పనికిరాని ఆయుధం అవుతుంది, విడిచిపెట్టడం తేలిక అన్నారు. మంచి మనసుతోనే చెప్పారు. విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ గొట్టం కోసం ఉక్కు పట్టీని చుట్టి, కాల్చి, సమ్మెటతో కొట్టి అతికించి ఉంటారు. ఆ అలల గీతలు ఉన్నదే ఆ ఉక్కులో, ఆ పనితనంలో. వెల్డింగ్ వేడి తగిలిన చోట అవి చెరిగిపోతాయి. రంజకం (నిప్పంటించే మందు) పోసే గిన్నె పక్కన ఉండే సన్నటి బెజ్జం పూడ్చేస్తే దాన్ని ఎంతగా వాడారో చెప్పే గుర్తు పోతుంది. శాసనం ఉన్న రాయిని ఇంటి మెట్టుకు పనికొచ్చేలా చెక్కుకోమన్నట్టే ఉంది నాకు. పేలకుండా చేయాలంటే తీసి మళ్లీ పెట్టగలిగే చెక్క బిరడా, దాని మీద సీలు చాలు. సీలు ఊడిందా అని ఏటా ఠాణాకు తీసుకొచ్చి చూపించమనండి, చూపిస్తాను.

బ్రిటన్ సంగతి ఒకటి మీ ముందు పెడతాను. అసద్ ఖాన్ ముహమ్మద్ అనే పనివాడు టిప్పు కోసం 1793-94లో చేసిన వేట తుపాకీ ఒకటి అక్కడికి చేరింది. చెకుముకి రాయితో పేలేది, కార్న్‌వాలిస్‌కు కానుకగా వెళ్లినది. అది దేశం దాటబోతుంటే 2023లో అక్కడి ప్రభుత్వం ఎగుమతిని తాత్కాలికంగా ఆపేసి, ఇరవై లక్షల పౌండ్లు పెట్టి కొనగలవాళ్లు బ్రిటన్‌లోనే దొరుకుతారా అని చూసింది. మన మనిషి చేతిపనిని పోనివ్వకుండా ఉంచుకోవడానికి వాళ్లకు ఒక పద్ధతి ఉంది, గడువు ఉంది, నిపుణుల కమిటీ ఉంది. మన చేతిపని మన ఇంటికి తిరిగి వస్తుంటే లోపలికి రానివ్వడానికి మనకూ అలాంటిదొకటి ఉండాలి కదా. మన 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన వస్తువు ఒకసారి ఇక్కడ ఉంటే దాన్ని ప్రైవేటు వ్యక్తి ఎవరూ బయటికి ఎగుమతి చేయడానికి వీల్లేదు. అంటే నా డబ్బుతో వచ్చినా అది ఈ దేశాన్ని విడిచి వెళ్లదు. నాకది సంతోషమే. నా తర్వాత జిల్లా మ్యూజియానికి ఇస్తానని మా పిల్లలతో ఎప్పుడో చెప్పాను.

కాబట్టి నేను అడిగేది ఇది. కొనకముందే అడిగితే జవాబు చెప్పే ఒక్క చోటు పెట్టండి. కస్టమ్స్‌లో అడ్వాన్స్ రూలింగ్ అని, సరుకు రాకముందే తీర్పు అడిగే ఒక దారి ఉన్న మాట నిజమే, ఢిల్లీలోనూ ముంబైలోనూ అథారిటీలు ఉన్నాయి. కానీ చట్టం వాళ్లకు మూడు నెలలు గడువు ఇచ్చింది, వేలం కేటలాగు వచ్చిన మూడు నాలుగు వారాలకే సుత్తి పడిపోతుంది. పైగా వాళ్లు తేల్చేది కస్టమ్స్ సంగతి, ఆయుధాల లైసెన్స్ సంగతి వాళ్ల పని కాదు. లాట్ ఫొటోలు, కొలతలు, పేలే పద్ధతి, వేలం సంస్థ రాసిచ్చిన కాలం, ఇవి పంపితే రెండు వారాల్లో అవును, కాదు, వస్తువు చూశాకే చెబుతాం అని మూడింటిలో ఒక మాట చెప్పండి. కాదంటే పాట పాడం. చూశాక అంటే ఆ రిస్కు తెలిసే పాడతాం. ఆ జవాబు ఉన్న పెట్టె వచ్చాక దాన్ని చూడాల్సింది మ్యూజియం మనిషి, బాలిస్టిక్స్ మనిషి కలిసి. క్యూరియోను దిగుమతి చేసుకున్నవాడు గోదాము నుంచి ఇంటిదాకా తీసుకెళ్లడానికి ఒక్కసారికి పనికొచ్చే రవాణా అనుమతి అక్కడే ఇప్పించండి. ఫీజు పెట్టండి, కడతాం. ఇంటి అడ్రసు, తుపాకీ ఫొటో పోలీస్ స్టేషన్‌లో ఉంచండి, అభ్యంతరం లేదు.

దారి లేకపోతే ఏం జరుగుతుందో కూడా చెబుతాను. ఈ మధ్య గుంటూరు వైపు కుర్రవాడు ఒకడు ఫోన్ చేశాడు. లండన్‌లో చదువుకుంటున్నాడు, సంతలో ఒక పాత పిస్తోలు కొన్నాడట. "అంకుల్, సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకొచ్చేస్తాను, తుప్పు ముక్కే కదా" అన్నాడు. వద్దు నాయనా, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే ఆయుధాల చట్టం కేసు, నీ చదువు, వీసా అన్నీ పోతాయి అని గట్టిగా చెప్పాను. మరి ఎలా తేవాలి అని అడిగాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి, ఒక పిల్లవాడు సక్రమమైన దారి ఏదని అడిగితే చెప్పలేకపోయాను.

ఆఖరుగా ఒక చిన్న సంగతి. దీనికి చట్టం మార్చక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు. పోయిన నెల తనిఖీ కోసం నన్ను పిలిచి పెట్టె తెరిచారు. అప్పుడే దాన్ని మొదటిసారి కళ్లతో చూశాను. ఐదడుగుల పొడవు. గొట్టాన్ని చెక్కకు కట్టిన తోలు పట్టీలు ఎండి బిగుసుకున్నాయి. వత్తి పట్టే ఇనుప కొక్కెం ఇంకా కదులుతోంది. రంజకపు గిన్నె మూత తీస్తే లోపల నల్లటి పొర ఉంది, ఎప్పుడో కాలిన మందు. వేలం సంస్థ చుట్టిన కాగితం చింపి మళ్లీ చుట్టినప్పుడు ఒకవైపు వదిలేశారు. వానాకాలం తేమ అటునుంచే తగిలింది. కేటలాగు ఫొటోలో శుభ్రంగా ఉన్న గొట్టం మీద జానెడు మేర ఎర్ర తుప్పు చుక్కలు లేచాయి. వేలితో ముట్టుకోబోతే వద్దన్నారు.

ఈ వానలు ఇంకా రెండు నెలలు ఉంటాయి. నా కేసు ఎప్పటికి తేలినా సరే, ఈలోగా మీ మనుషుల ఎదుటే నాకు ఒక్క అరగంట ఇప్పించండి. గరుకు కాగితం వాడను, రుద్దను. మెత్తటి నూలు గుడ్డతో కుట్టుమిషన్ నూనె పల్చగా రాసి, మళ్లీ చుట్టి పెట్టేసి వస్తాను. గుడ్డ, నూనె నేనే తెచ్చుకుంటాను.

ఇట్లు
ఒక రిటైర్డ్ చరిత్ర అధ్యాపకుడు
నిజామాబాద్ జిల్లా